పడడం మాత్రం నిజం

కొంతకాలంగా రక్తపోటు గురించి, మధుమేహం గురించి, నిద్రలేమి గురించి వ్రాస్తూ వచ్చాను. ఈసారి పాఠకులు అనుమతిస్తే నా సొంత బలహీనత ఒకటి చెప్పుకుంటాను. నాకు కుస్తీ అంటే ప్రాణం. ఒలింపిక్స్‌లో ఆడే కుస్తీ మాత్రమే అయితే ఇది బలహీనత అనిపించుకోదు. టీవీలో రంగురంగుల దీపాల నడుమ, పాటలతో, కేకలతో సాగే కుస్తీ కూడా నాకిష్టమే. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన వైద్యుడు ఇలాంటివి చూస్తాడని తెలిస్తే రోగులు నవ్వుతారని ఉద్యోగకాలంలో ఎవరికీ చెప్పలేదు.

2023 సెప్టెంబరు 8వ తేదీన డబ్ల్యూడబ్ల్యూఈ బృందం హైదరాబాదు వచ్చింది. ప్రదర్శన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో. మణికొండలో మా ఇంటికి అది కొద్ది కిలోమీటర్ల దూరమే. పదకొండేళ్ళ మనవడు నన్ను తోడు రమ్మన్నాడు. వాడు నన్ను తీసుకువెళ్ళాడో, నేను వాణ్ణి తీసుకువెళ్ళానో చెప్పడం కష్టం. జాన్ సీనా గోదాలోకి వచ్చినప్పుడు వేలమంది లేచి నిలబడ్డారు. మోకాళ్ళ నొప్పి మరచి నేనూ లేచాను. ఆ రాత్రి సీనా, సెత్ రాలిన్స్ జోడీ గెలిచింది. తిరిగి వస్తుండగా కారులో మనవడు అడిగాడు: “తాతయ్యా, నిజం చెప్పు. ఇదంతా ఉత్తుత్తిదేనా?”

ఆ ప్రశ్నకు పాతికేళ్ళ క్రితం మరొక పిల్లవాడి విషయంలో నేను సమాధానం చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. ఈ వ్యాసం అందుకే.

తాతగారి కథలు

మాది ఉత్తరాంధ్ర. మా తాతగారికి దేవుళ్ళ తరువాత దేవుడు కోడి రామ్మూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో జన్మించిన ఆ మహాబలుడు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తరువాత సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగాడు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని ఊపిరి బిగబట్టి తెంచేవాడు. రెండు పక్కలా రెండు మోటారు కార్లను కట్టించుకుని కదలనీయకుండా ఆపేవాడు. రొమ్ముపై ఏనుగును నిలబెట్టుకునేవాడు. జనం ఆయనను కలియుగ భీముడన్నారు. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో ఆయన పేరిట క్రీడా మైదానం ఉంది.

తాతగారు ఈ కథలు చెబుతూ నా చేత తెల్లవారుజామున దండీలు, బస్కీలు తీయించేవారు. తాలింఖానా మట్టివాసన, ఒంటికి పట్టించిన నువ్వులనూనె వాసన ఇప్పటికీ జ్ఞాపకమే. అయితే కథ చివరి భాగాన్ని ఆయన త్వరగా ముగించేవారు. అంతటి బలవంతుడికీ చివరి రోజులలో కాలికి పుండు లేచి, కాలే తీసివేయవలసి వచ్చిందని చెబుతారు. 1942లో ఆయన కన్నుమూశారు. వైద్యుడినైన తరువాత నాకు ఏనుగు కన్నా ఆ పుండే ఎక్కువగా గుర్తుకు వచ్చేది. కండబలం వేరు, ఆరోగ్యం వేరు.

మా తరానికి దారాసింగ్ దొరికాడు. ఆయన, కింగ్ కాంగ్ అనే భారీకాయుడు తలపడిన పోటీల గురించి పెద్దలు కళ్ళతో చూసినట్లే చెప్పుకునేవారు. 1968లో బొంబాయిలో ఆయన అమెరికా వీరుడు లూ థెజ్‌ను ఓడించాడన్న వార్త నేను వైద్యకళాశాలలో చేరబోతున్న రోజులలో వచ్చింది. హాస్టల్ గోడకు నేను అంటించిన మొదటి బొమ్మ ఆయనదే. తరువాత రామాయణం ధారావాహికలో హనుమంతుడిగా వచ్చినప్పుడు మా అమ్మ టీవీకి దండం పెట్టేది. నేనూ పెట్టాను, కారణం వేరు.

నిజమైన కుస్తీ నాటకంగా ఎలా మారింది

ఇష్టమైనది అబద్ధమని ఎవరైనా అంటే కోపం వస్తుంది. నాకూ వచ్చింది. అందుకే చరిత్ర చదివాను.

1910లో లండన్‌లో మన గామా పహిల్వాన్, పోలండుకు చెందిన జిబిస్కో తలపడ్డారు. అది నిజమైన కుస్తీ. గామాకు భయపడిన జిబిస్కో నేలను కరుచుకుని పడుకున్నాడు. దాదాపు రెండున్నర గంటలు అలాగే గడిచాయి. తేలలేదు. మళ్ళీ పోటీకి నిర్ణయించిన రోజున జిబిస్కో రానేలేదు. 1928లో పటియాలాలో మళ్ళీ కలిసినప్పుడు గామా ఒక నిమిషమైనా పట్టకుండా అతణ్ణి వెల్లకిలా పడేశాడు. నిజమైన కుస్తీతో వచ్చిన చిక్కు ఇదే: గంటల తరబడి ఏమీ జరగకపోవచ్చు, లేదా టిక్కెట్టు కొన్నవాడు కూర్చునేలోపే ముగిసిపోవచ్చు.

1920 ప్రాంతాల్లో అమెరికాలో నిర్వాహకులు దీనికి ఉపాయం కనిపెట్టారు. కాలపరిమితి పెట్టారు, చూడడానికి రక్తికట్టే పట్లు చేర్చారు, ఎవరు గెలవాలో ముందే నిర్ణయించారు. ఈ రహస్యాన్ని దశాబ్దాల పాటు గుండెల్లో దాచుకున్నారు. చివరికి 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, క్రీడలకు వర్తించే నిబంధనల నుంచి తప్పించుకోవడానికి, ఆ కంపెనీయే ఇది వినోదమని ఒప్పుకున్నది. ఆ నిబంధనలలో వైద్యపరీక్షలు కూడా ఉన్నాయన్న సంగతి వైద్యుడిగా నన్ను కలచివేసింది.

ఫలితం ముందే నిర్ణయమైనా పడడం నిజం. గోదా కింద ఇనుప చట్రం, దానిపై చెక్కలు, పైన పలుచని మెత్త, దానిపై కాన్వాసు. పడేవాడు గడ్డాన్ని రొమ్ముకు ఆనించి, తల నేలకు తగలకుండా, వీపంతా ఒక్కసారి ఆనేలా, అరచేతులు చాచి పడతాడు. దెబ్బ ఒకేచోట కేంద్రీకరించక విశాలమైన భాగంపై పరచుకుంటుంది. ఇది నేర్వడానికి నెలలు పడుతుంది. నేర్చినవాడికి కూడా మోకాళ్ళు, వెన్నుపూసలు, మెడ అరిగిపోతాయి.

నేను చెప్పని మాట

1990లలో కేబుల్ టీవీ వచ్చింది. మా అబ్బాయి కుస్తీవీరుల బొమ్మలున్న ట్రంప్ కార్డులతో ఆడేవాడు. ఎత్తు, బరువు, ఛాతీ, దండచేయి కొలతలు వాడికి ఎక్కాల కన్నా బాగా వచ్చేవి. అండర్‌టేకర్‌కు ఏడు ప్రాణాలని బడిలో ఎవరో చెప్పారట. “నిజమేనా నాన్నా?” అంటే నవ్వి ఊరుకున్నాను. చిన్ననాటి ముచ్చటను ఎందుకు చెరపాలనుకున్నాను.

అప్పుడు నేను ఉత్తరాంధ్రలోని ఒక ప్రాంతీయ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఒక ఆదివారం సాయంత్రం మా అబ్బాయితో కలిసి కుస్తీ చూస్తుండగా కబురు వచ్చింది. పదేళ్ళ బాలుడు. అన్న వాణ్ణి తలకిందులుగా ఎత్తి, టీవీలో చూసినట్లే, ఇంటి ముందు కళ్ళాపి చల్లిన గట్టినేల మీదకు దించాడు. కంగారులో ఇద్దరు మనుషులు వాణ్ణి మడిచి ఆటోలో కూర్చోబెట్టి తెచ్చారు. మెడ అటూ ఇటూ వాలిపోతూ ఉంది. నాలుగు అవయవాలలోనూ కదలిక తగ్గింది. ఇసుక సంచులతో మెడను కదలకుండా చేసి విశాఖ పెద్దాసుపత్రికి పంపాము. అప్పటికి 108 వాహనాలు లేవు.

బయలుదేరే ముందు తండ్రి నా చేయి పట్టుకుని, “టీవీలో ఆడు లేచిపోనాడు గదండీ డాట్రు బాబూ! మా ఓడు లేవడేటి?” అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం ఉంది. ఆరోగ్య కార్యక్రమాల పేరిట ఆ ఊరి బడికి నేను ఎన్నోసార్లు వెళ్ళాను. నులిపురుగుల గురించి, చేతులు కడుక్కోవడం గురించి చెప్పాను. పిల్లలందరూ ఏమి చూస్తున్నారో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే చూస్తున్నాను. అయినా ఆ ఒక్క మాట చెప్పలేదు. ఆ బాలుడు బతికాడు, కొన్ని నెలలకు నడిచాడు. కుడిచేతికి పట్టు మాత్రం పూర్తిగా రాలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి మా అబ్బాయిని లేపి, ఫలితం ముందే రాసుకుంటారనీ, పడడం ఎలా నేర్చుకుంటారనీ అన్నీ చెప్పాను. వాడు ఏడ్చాడు. తరువాత చెప్పిన ప్రతి బడిలోనూ పిల్లల ముఖాలు కాసేపు చిన్నబోయేవి. అయినా చెప్పాను.

అభిమానిలోని వైద్యుడు

అప్పటినుంచి తెరపై కనిపించే శరీరాలను రెండు విధాలుగా చూడడం అలవాటైంది. ఆండ్రే ద జెయింట్‌ను చూసి జనం అబ్బురపడేవారు. అది పీయూష గ్రంథి అతిగా పెరుగుదల హార్మోన్ స్రవించడం వల్ల వచ్చే వ్యాధి. ఆయన 1993లో 46 ఏళ్ళకే మరణించాడు. మన గ్రేట్ ఖలీకి కూడా పీయూష గ్రంథిలో కణితి ఉండేది. ఆయన 2012లో శస్త్రచికిత్స చేయించుకున్నాడు, కోలుకున్నాడు. ఇద్దరి మధ్య తేడా చికిత్స. ఈ వ్యాధి ఆరున్నర అడుగులవారికే వస్తుందనుకోకండి. పెద్దయ్యాక వస్తే ఎత్తు పెరగదు. ఉంగరం బిగుసుకుపోతుంది, చెప్పుల సైజు మారుతుంది, దవడ ముందుకు వస్తుంది, పళ్ళ మధ్య సందులు ఏర్పడతాయి, గురక, చెమట, తలనొప్పి మొదలవుతాయి. ఒక రక్తపరీక్ష, ఒక ఎమ్మారై చాలు, తెలిసిపోతుంది.

ఎడ్డీ గెరీరో 2005లో 38 ఏళ్ళకు గుండెజబ్బుతో పోయాడు. 2007లో క్రిస్ బెన్వా కుటుంబం ఘోర విషాదంలో ముగిసింది. మరణానంతరం అతని మెదడును పరీక్షించిన వైద్యులు, తలకు పదేపదే తగిలిన దెబ్బల వల్ల కలిగిన తీవ్రమైన క్షీణతను గుర్తించారు. అతని పట్టు నాకు ఎంతో ఇష్టం. ఆ వార్త విన్న తరువాత ఆ పాత పోటీలను మళ్ళీ చూడలేకపోయాను. 2006లో ఆ కంపెనీ మందుల పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టింది. 2010లో తలపై కుర్చీతో కొట్టడాన్ని నిషేధించింది. ఆలస్యమైనా మంచిదే.

అన్నింటికన్నా సిగ్గుపడ్డది 1991 నాటి సంగతికి. అమెరికాలో కుస్తీవీరులకు స్టెరాయిడ్లు అమ్మినందుకు జార్జ్ జహోరియన్ అనే వ్యక్తికి శిక్ష పడింది. అతడు వైద్యుడు.

మణికొండ జిమ్ములు

ఇప్పుడు మా వీధిలోనే మూడు జిమ్ములు ఉన్నాయి. రాత్రి పదింటికి కూడా దీపాలు వెలుగుతూ ఉంటాయి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలు వ్యాయామం చేయడం ఎంతో సంతోషించదగినదే. నిరుడు మా అపార్టుమెంటులోని ఒక యువకుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, లిఫ్టులో కలిశాడు. ఆరు నెలలలో మనిషి రెండింతలయ్యాడు. భుజాలపై మొటిమలు. ముఖం ఎర్రగా ఉబ్బి ఉంది. నేను దారాసింగ్ ప్రస్తావన తెచ్చాను. కుస్తీ కబుర్లలో పడ్డాక ఇంటికి పిలిచి బీపీ చూశాను: 164/102.

“ఇంజెక్షన్లు ఎన్నాళ్ళ నుంచి బాబూ?” అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. “ఐదు నెలలండీ అంకుల్. అందరూ తీసుకుంటారన్నారు” అన్నాడు. పెళ్ళి కుదురుతున్నదని కూడా చెప్పాడు. వాళ్ళమ్మ మాత్రం, కొడుకు ఒళ్ళు చేశాడని మురిసిపోతున్నది.

అతనికి చెప్పినదే మీకూ చెబుతున్నాను. బయటి నుంచి పురుష హార్మోన్ వచ్చినప్పుడు శరీరం తన సొంత ఉత్పత్తిని ఆపివేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గుతాయి, రొమ్ములు పెరగవచ్చు. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె కండరం దళసరి అవుతుంది. మింగే మాత్రలైతే కాలేయానికి కూడా హాని. మానివేసినప్పుడు కొందరికి తీవ్రమైన దిగులు కమ్ముకుంటుంది. అందుకే భయపడి ఒంటరిగా కాక, హార్మోన్ల నిపుణుని పర్యవేక్షణలో మానాలి. ఆ అబ్బాయిని అలాగే పంపాను. కండ తగ్గింది, రక్తపోటు అదుపులోకి వచ్చింది. అతని హార్మోన్లు ఇంకా పూర్తిగా కోలుకోలేదు. వైద్యుడు ఓపిక పట్టమన్నాడు, పడుతున్నాడు.

పాఠకులకు నాలుగు మాటలు

ఒకటి, పిల్లలు కుస్తీ చూస్తుంటే తిట్టి ఆపకండి. పక్కన కూర్చుని, అది ఎలా చేస్తారో చెప్పండి.

రెండు, మెడకు దెబ్బ తగిలితే లేపి కూర్చోబెట్టకండి, నీళ్ళు పట్టకండి. తల, మెడ, వీపు ఒకే వరుసలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

మూడు, ఆటలో తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి ఆ రోజు మళ్ళీ ఆడనివ్వకండి. వాంతులు, మత్తు, తికమక ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

నాలుగు, జిమ్ములో ఎవరైనా సూది ఇస్తామంటే, దాని పేరు కాగితం మీద వ్రాయించుకుని మీ వైద్యుడికి చూపండి. వ్రాసివ్వడానికి వెనుకాడితే మీకు సమాధానం దొరికినట్లే.

ఇక ఆ రాత్రి కారులో మనవడు అడిగిన ప్రశ్న. “గెలుపు ఎవరిదో ముందే రాసుకుంటారు నాన్నా. పడడం మాత్రం నిజం. దెబ్బ నిజం. అందుకే వాళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకుంటారు, మనం ఇంట్లో చేయము” అన్నాను. వాడు ఏడవలేదు. కాసేపు ఆలోచించి, “అయితే ఓడిపోయేవాడే గొప్పవాడు కదా తాతయ్యా. తెలిసి కూడా పడతాడు” అన్నాడు.

అరవై ఏళ్ళుగా చూస్తున్న నాకు ఆ మాట తట్టలేదు.