నేల రంగు చేతులు

మదర్సాలో చిన్న తరగతుల పిల్లలకు వుజూ నేర్పడం చాలా ఏళ్ళుగా మా బాధ్యత. హౌజు గట్టున వారిని వరుసగా కూర్చోబెట్టి మేము చేసి చూపిస్తాము, వారు మమ్మల్ని చూసి చేస్తారు. హౌజు దగ్గర అంతా సక్రమంగానే ఉంటుంది. ఇంటికి చేరేసరికి కొందరికి మోచేతులు గుర్తుండవు, కొందరి మడమలు తడవవు. ఇంట్లో తల్లి పక్కన కూర్చొని చూసుకోవడానికి ఒక చిన్న బొమ్మల పుస్తకం ఉంటే బాగుండునని ఎంతో కాలంగా అనుకుంటూ వచ్చాము. నిరుడు సెలవుల్లో ఆ పనిని మా చిన్నమ్మాయి తలకెత్తుకుంది.

జీవుల చిత్రాల విషయంలో మా అభిప్రాయం కాస్త కఠినమైనదే. అందుచేత మొదటే ఒక షరతు పెట్టాము: ముఖాలు వద్దు. ముఖం కడిగే చోట దోసిలిలో నీళ్ళు చూపితే చాలు, మసహ్ చేసే చోట తడి అరచేతులు చాలు. అమ్మాయి అభ్యంతరం చెప్పలేదు. "చేతులు, పాదాలతోనే అంతా చెప్పవచ్చు అబ్బా" అన్నది. అయితే ఆ షరతు వల్ల పుస్తకం ఏమవుతుందో అప్పుడు మాకు తట్టలేదు. ముఖాలు లేవు, దుస్తులు లేవు. ప్రతి పుటలోనూ నీళ్ళు, చెంబు, చర్మం. అంటే ఆ పుస్తకానికి చర్మపు రంగే ప్రాణం.

బొమ్మలు గీసిన తరువాత రంగులు వేయడానికి ఆల్కహాల్ మార్కర్లు కావాలని అడిగింది. ఆ మాట వినగానే మేము ఉలిక్కిపడ్డాము. "వుజూ పుస్తకానికి ఆల్కహాలా?" అన్నాము. అమ్మాయి నవ్వలేదు, ఓపికగా వివరించింది. నీటి సిరా పెన్నులతో చర్మం దిద్దితే ఒక గీతపై మరో గీత పడిన చోటల్లా చార ఏర్పడుతుంది, తడికి కాగితం ఉబ్బి పొరలు లేస్తుంది. రంగు పెన్సిళ్ళతో ఒక చేయి పూర్తి కావడానికే ఒక పూట పడుతుంది. ఆల్కహాల్ సిరాలో రంగును కరిగించి ఉంచేది త్వరగా ఆవిరయ్యే ద్రవం. అది ఆరిపోయేలోపు పక్క రంగును తాకిస్తే రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, మధ్యలో గీత మిగలదు. చర్మం నునుపు అలాగే వస్తుందని ఆమె వాదన.

మేము మా కితాబులు తెరిచాము, పట్టణంలోని ఒక ముఫ్తీ గారిని కూడా సంప్రదించాము. వెదకగా తేలింది ఏమిటంటే, ఈ పెన్నుల్లో ఉండేది ఎక్కువగా ఇథనాల్, ప్రొపనాల్, ఐసోప్రొపనాల్ వంటి ద్రావకాలు. ఆసుపత్రిలో సూది వేసేముందు దూదితో తుడిచేది కూడా ఈ కోవలోదే. నేటి మందుల్లో, అత్తరుల్లో వాడే ఆల్కహాల్‌లో అధిక భాగం ద్రాక్ష నుంచి గాని ఖర్జూరం నుంచి గాని తీసినది కాదు కనుక దానికి ఖమ్ర్ ఆదేశం వర్తించదని ముఫ్తీ తఖీ ఉస్మానీ సాహెబ్ వంటి ఉలమాలు వ్రాశారు. జాగ్రత్త పాటించి దూరంగా ఉండాలనే వారూ ఉన్నారు. పాఠకులు తమ ఊరి ఉలమాలను అడిగి నిర్ణయించుకోవచ్చు. మాకు ఊరట కలిగించిన మరో సంగతి ఆ పదం పుట్టుక. ఆల్కహాల్ అనే మాట అరబీలోని 'అల్ కుహ్ల్' నుంచి వచ్చింది. కుహ్ల్ అంటే మనం కళ్ళకు పెట్టుకునే సుర్మా. మెత్తని పొడికి చెప్పిన పేరు తిరిగి తిరిగి ద్రవానికి చేరింది.

వేళ్ళకు సిరా అంటితే వుజూ అవుతుందా అని పిల్లల తల్లి అడిగింది. మెహందీ మాదిరిగా రంగు మాత్రమే మిగిలి నీరు చర్మానికి చేరుతుంటే అభ్యంతరం లేదు. గోళ్ళ రంగులా పొర కడితే మాత్రం దాన్ని తొలగించి తీరాలి. వుజూ పుస్తకం తయారయ్యే ఇంట్లో ఈ ప్రశ్న పుట్టడం మాకు సంతోషమే కలిగించింది.

అనుమతి ఇచ్చాక ఒక పెట్టె కొన్నాము. చర్మపు రంగులని ప్రత్యేకంగా రాసి ఉన్న పెట్టె అది. ధర అందుబాటులో ఉంది, మూతలపై రంగులు చక్కగా కనిపించాయి. నాలుగు పుటలు పూర్తయ్యాక మదర్సాకు తీసుకువెళ్ళి పిల్లలకు చూపించాము. అందరూ తలలు చేర్చి చూశారు. ఆదోని వైపు నుంచి వచ్చిన ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు కాగితం మీద వేలు పెట్టి అడిగాడు: "హజ్రత్, ఇవి దొరల చేతులా?"

చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. ఆ వేలికేసి, ఆ వేలి కింద ఉన్న బొమ్మకేసి చూశాము. వేలు నల్లరేగడి నేల రంగు. బొమ్మలోని చేయి గులాబీ ఛాయ. పెట్టె నిండా పాలరంగు, గులాబీ రంగు, లేత నారింజ. మన ఛాయలకు దగ్గరగా ఉన్నవి చివరన రెండే. వాటిని నీడల కోసం మాత్రమే వాడారు. ఇరవైమంది పిల్లల చేతుల్లో ఒక్క చేయి కూడా ఆ పుస్తకంలో లేదు. గీసింది మా అమ్మాయి, ఆమోదించింది మేము. మా ఇద్దరి చేతులూ ఆ రంగులో లేవన్న సంగతి మా కంటికి ఆనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దానికి కారణం పుస్తకం ఒక్కటే కాదు.

మూడేళ్ళ క్రితం మా పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో మధ్యవర్తి ఒకరు వచ్చి వివరాలు రాసుకున్నారు. చదువు, వయసు, ఎత్తు. ఆపైన "రంగు?" అని అడిగారు. మా పెద్దమ్మాయి మా అమ్మ పోలిక. నలుపు. మేము మాత్రం "గేహువా రంగ్" అన్నాము. గోధుమ వన్నె అని అర్థం. వారు వచ్చారు, చూశారు, భోజనం చేశారు, వెళ్ళారు. నాలుగు రోజులకు కబురు వచ్చింది: అమ్మాయి అన్ని విధాలా బాగుంది గాని చెప్పిన రంగుకూ చూసిన రంగుకూ పొంతన లేదని. ఆ మాట మమ్మల్ని బాధించింది. కాని అంతకంటే ఎక్కువ బాధించింది ఆ సాయంత్రం మా అమ్మాయి అడిగిన ప్రశ్న. "అబ్బా, మీరు నా రంగు ఎందుకు మార్చి చెప్పారు?" అన్నది. మా వద్ద జవాబు లేదు. ఏదో పని ఉన్నట్టు లేచి మస్జిదుకు వెళ్ళిపోయాము.

హజ్రత్ బిలాల్ (రజి) గాథ చెప్పి పిల్లలను కంటతడి పెట్టించిన నోరు మాది. భాషల, వర్ణాల వైవిధ్యాన్ని అల్లాహ్ తన సూచనల్లో ఒకటిగా పేర్కొన్న అర్‌రూమ్ సూరా 22వ ఆయత్‌ను ప్రతి ఏడాదీ బోధిస్తాము. బోధించే నోటితోనే సొంత బిడ్డ రంగును దాచిపెట్టాము.

మరునాడు చిన్నమ్మాయి పాత పుటలు పక్కన పెట్టి రంగులు ఎంచుకునే పని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పక్కన కూర్చొని మేమూ నేర్చుకున్నాము. జపాన్‌లో 1987లో మొదలైన కాపిక్ అనే మార్కర్లు ఈ రంగంలో పేరున్నవి. వాటిలో స్కెచ్ అనే రకంలోనే 358 రంగులు ఉన్నాయి. ప్రతి రంగుకూ ఒక అక్షరం, దాని పక్కన అంకెలు. అక్షరం రంగు కుటుంబాన్ని తెలుపుతుంది. మొదటి అంకె పెరిగేకొద్దీ రంగు కాంతి తగ్గి బూడిదవన్నెకు దగ్గరవుతుంది. చివరి అంకె పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది. చర్మపు రంగుల్లో ఎక్కువ భాగం 'ఇ' కుటుంబంలో ఉంటాయి. ఆ అక్షరానికి అర్థం ఏమిటని అడిగాము. "ఎర్త్, అంటే నేల అబ్బా" అన్నది.

మేము కాసేపు మౌనంగా ఉండిపోయాము. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఒక హదీసు ఉంది. అల్లాహ్ ఆదమ్ (అలై)ను భూమి నలుమూలల నుంచి తీసిన పిడికెడు మట్టితో సృష్టించాడనీ, అందుకే ఆయన సంతతిలో ఎరుపు, తెలుపు, నలుపు, వాటి మధ్య ఛాయలవారు ఉన్నారనీ దాని భావం. నేల పైపొరను అరబీలో 'అదీముల్ అర్ద్' అంటారు. ఆదమ్ అనే పేరును కొందరు నిఘంటుకారులు ఆ మాటతోనూ, చామనఛాయను తెలిపే 'ఉద్మ' అనే మాటతోనూ ముడిపెట్టారు. ముప్పై ఏళ్ళ కింద చదువుకున్న పాఠం ఒక పెన్ను మూత మీద మళ్ళీ ఎదురైంది.

ఒక్కో కాపిక్ పెన్నుకు కొన్ని వందల రూపాయలు అవుతుంది కనుక పెద్ద పెట్టె జోలికి పోలేదు. విడిగా కొన్ని మాత్రం తెప్పించాము. అవి సిరా నింపి, ములికి మార్చి మళ్ళీ వాడుకోదగినవి. మిగతావి తక్కువ ధర రకం. ఇంట్లో పిల్లలకు ఇటువంటివి కొనదలచిన తల్లిదండ్రులకు పనికివస్తాయని మేము గ్రహించిన సంగతులు కొన్ని చెబుతాము.

మూత రంగును నమ్మరాదు. వాడబోయే కాగితం మీదే ప్రతి పెన్నుతో ఒక చిన్న గడి నింపి, ఆరనిచ్చి, పక్కన సంఖ్య రాసుకోవాలి. తడిగా ఉన్నప్పటి రంగు, ఆరిన తరువాతి రంగు ఒకటి కావు. ఆ గడుల పక్కన పగటి వెలుతురులో మన చేతిని ఉంచి పోల్చాలి. ఒక చర్మానికి ఒకే కుటుంబం నుంచి మూడు రంగులు చాలు: వెలుగుకు ఒకటి, నడుమకు ఒకటి, నీడకు ఒకటి. మా అమ్మాయి ఒక పిల్లవాడి చేతికి ఇ-33, ఇ-35, ఇ-37 వాడింది. మొదటిదాని పేరు ఇసుక. తుంగభద్ర ఒడ్డున పెరిగిన పిల్లవాడికి తగిన పేరే. నీడకు నలుపు గాని బూడిదరంగు గాని పూస్తే చర్మం జీవం కోల్పోతుంది. ముదురు మట్టిరంగే పూయాలి. నల్లని చేతికి కూడా వెలుగు ఉంటుంది, దాన్ని వదలకూడదు. అరచేయి ముంజేయి కంటే లేతగా ఉంటుంది, వేలి కణుపులు, మోచేతులు ముదురుగా ఉంటాయి. లేత రంగుతో మొదలుపెట్టి ముదురు రంగుకు పోవాలి, ఆపైన లేత రంగుతోనే రెండింటి అంచునూ కలపాలి. ముదురు రంగు ముందే పడితే వెనక్కి తీసుకోలేము. రంగులేని కలిపే పెన్ను కూడా సిరాను పక్కకు నెడుతుందే గాని చెరపదు.

సిరా కాగితం వెనక్కి దిగుతుంది. మందపాటి నున్నని కాగితం వాడి, కింద మరొకటి వేసుకోవాలి. గీతలు నీటికి చెదరని పిగ్మెంట్ సిరాతో గీసి ఆరనివ్వాలి. జిరాక్సు తీసిన గీతల మీద వేసేటట్లయితే ముందు ఒక మూల పరీక్షించుకోవాలి. కిటికీ తెరిచి ఉంచాలి, పొయ్యి దగ్గర వాడరాదు. ఆవిరికి నిప్పు అంటుకోగలదు. రెండు వైపులా ములికి ఉన్న పెన్నులను అడ్డంగా పడుకోబెట్టాలి. ఎండ తగిలితే ఈ రంగులు వెలిసిపోతాయి కనుక బొమ్మ పూర్తికాగానే స్కాన్ చేయించి, అసలును చీకటి అరలో దాచాలి.

చివరి పుట మిగిలింది. వుజూ తరువాత దుఆ కోసం ఎత్తిన చేతులు. ఎవరి చేతులు చూసి వేస్తావని అడిగాము. "బాజీవి" అన్నది. పెద్దమ్మాయి కిటికీ దగ్గర చేతులు ఎత్తి కూర్చున్నది. చిన్నమ్మాయి గడుల కాగితాన్ని అక్క ముంజేతికి ఆనించి ఒక్కొక్క రంగే జరుపుతూ పోయింది. లేత గడులన్నీ దాటిపోయింది. ఇ-29 దగ్గర ఆగింది. కాల్చిన మట్టి రంగు. కాగితం అంచు ఎక్కడ ముగిసిందో, చేయి ఎక్కడ మొదలైందో మాకు తెలియలేదు.

"ఇదే నీ రంగు బాజీ" అన్నది.

పెద్దమ్మాయి మా వైపు చూసింది. ఈసారి లేచి వెళ్ళిపోలేదు. "అప్పుడు నీ రంగు మార్చి చెప్పాము బేటీ. తప్పు చేశాము. మమ్మల్ని మన్నించు" అన్నాము. ఆమె చేతులు దించకుండానే తల ఊపింది. బొమ్మ కోసం కదలకూడదు మరి.

పుస్తకం ఇప్పుడు మదర్సాలో ఉంది. ఆదోని పిల్లవాడు తన చేతిని బొమ్మ మీద ఆనించి చూసుకున్నాడు. ఏమీ అనలేదు గాని, ఆ రోజు మోచేతులు మరచిపోలేదు.

గత నెల మధ్యవర్తి మళ్ళీ వచ్చారు. పాత కాగితమే తీశారు. చదువు, వయసు, ఎత్తు సరిచూసి, రంగు దగ్గర "గేహువాయే కదా మౌలానా?" అన్నారు.

"కాదు, కొట్టివేయండి. మా అమ్మాయి నలుపు" అన్నాము.

ఆయన కలం ఒక క్షణం ఆగింది, తరువాత రాసుకున్నారు. సంబంధం కుదరడం, కుదరకపోవడం అల్లాహ్ చేతిలోని పని. ఆ కాగితం మీద ఉన్న మాట నిజం కావడం మాత్రం మా చేతిలో ఉండింది.