కొండల మీద గాలి

పెద్దారవీడు

బావా,

హెలికాప్టర్ శిక్షణలో చేరావని మీ నాన్న చెప్పాడు. ఎంత సంబరమైందో! నీకు ఒక్క సంగతి మాత్రం రాయకుండా ఉండలేను. అది మన నల్లమలదే.

2009 సెప్టెంబరు 2 ఉదయం 8.38కి బేగంపేట నుంచి బెల్ 430 లేచింది. రచ్చబండ కార్యక్రమం కోసం చిత్తూరు జిల్లాకు బయల్దేరిన అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ప్రత్యేక కార్యదర్శి సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి వెస్లీ, ఇద్దరు పైలట్లు అందులో ఉన్నారు. గంట తిరక్కుండానే జాడ తెగిపోయింది. మర్నాడు మన కొండల్లోనే అవతలి వైపు, పావురాలగుట్ట మీద శకలాలు దొరికాయి. ఐదుగురిలో ఒక్కరూ మిగల్లేదు.

కుట్ర జరిగిందని అన్నవాళ్లు అన్నారు. విచారణ కమిటీ తేల్చింది మాత్రం గాలినే. క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘంలో వాన కురుస్తూ చుట్టూ ఉన్న గాలిని కిందికి లాగుతుంది. చినుకులు ఆవిరవుతూ ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి ఇంకా వేగంగా దిగుతుంది. అదే డౌన్‌డ్రాఫ్ట్. దానిలో చిక్కిన హెలికాప్టర్ పైకెక్కుతూనే ఉండొచ్చు. కానీ గాలి అంతకంటే వేగంగా దిగుతుంటే నేల దగ్గరవుతూనే ఉంటుంది. కింద మైదానమైతే తేరుకునే ఎత్తు కొంతైనా ఉంటుంది. కొండలు ఆ ఎత్తునూ మింగేస్తాయి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం అంతకుముందు గడిచిన కొన్ని నిమిషాలు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పీడనం గురించి ఒక హెచ్చరిక వచ్చింది. దానికేం చేయాలో పైలట్లు పుస్తకంలో వెతుకుతున్నారు. బయట మేఘం ముదురుతోంది. చివరి క్షణాల్లో కాక్‌పిట్ రికార్డులో మిగిలింది 'గో అరౌండ్' అన్న కేక. వాళ్లు కొత్తవాళ్లు కారు బావా, ఎన్నో ఏళ్లుగా ఎగురుతున్నవాళ్లు. అందుకే నీకు ఇంత చెబుతున్నాను. గాలి ఎలా దిగుతుందో వాళ్లకు తెలియక కాదు. ఆ తెలిసినది గుర్తుకు రావాల్సిన సమయంలో చూపు వేరేచోట ఉంది.

1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలోని మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానానికీ ఇదే గతి. ముందు చక్రాల సూచిక బల్బు వెలగలేదని కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లంతా దాని మీదే పడ్డారు. ఆటోపైలట్ ఎత్తు నిలపడం మానేసిన సంగతి ఎవరూ గమనించలేదు. విమానం మెల్లగా దిగి చిత్తడి నేలలో కూలింది. వందమందికి పైగా పోయారు. పాడైంది ఒక్క బల్బు.

ముందు నడుపు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడమని మీకూ నేర్పుతారు కదా. లోపాన్ని ఒకరు చూస్తుంటే రెండోవాడి కళ్లు బయటే ఉండాలి. రాడార్ తెర మీద ఎరుపు కనిపిస్తే దాని పక్కనుంచి దూరిపోదామనుకోవద్దు. వెనుక కూర్చున్నది ముఖ్యమంత్రే అయినా, కింద సభ కోసం వేలమంది ఎదురుచూస్తున్నా వెనక్కి తిప్పే హక్కు పైలట్‌దే. అలా తిప్పినవాణ్ణి పిరికివాడనే పెద్దలకు విమానం ఎక్కే అర్హత లేదు.

వర్షాకాలంలో కొండల మీద ఎగరడం గురించి మీ దగ్గర ఏం నేర్పుతున్నారో వివరంగా రాయి. నేర్పకపోతే నువ్వే అడుగు. అడగడానికి మొహమాటపడకు.

నీ నేస్తం