మా వెదురు యాక్సిలరేటర్

మొన్న మండలంలో జరిగిన సైన్సు ఫెయిరుకి నేను, నా స్నేహితురాలు వెళ్ళాము. మేము తీసుకెళ్ళింది పార్టికల్ యాక్సిలరేటర్. అంటే కంటికి కనిపించని కణాలను చాలా వేగంగా పరుగెత్తించే యంత్రం. మాది నిజం యంత్రం కాదు, ఉక్కు గోళీలతో చేసిన నమూనా. ముందే చెప్తున్నాను, తర్వాత నవ్వకండి.

దీనికి కారణం సారు చెప్పిన కథ. విడెరో అనే నార్వే విద్యార్థి జర్మనీలో చదువుతూ ఒక గాజు గొట్టం చేశాడు. అందులో కణాన్ని 25,000 వోల్టులతో ఒకసారి, మళ్ళీ అదే 25,000తో ఇంకోసారి తోశాడు. 50,000 వోల్టులతో తోసినంత శక్తి వచ్చింది. అది 1928లో జర్మన్ భాషలో అచ్చయింది. 1929లో అమెరికాలో లారెన్స్ గారు చూశారు. ఆయనకు జర్మన్ సరిగా రాదు. బొమ్మలు చూసి అర్థం చేసుకున్నారంట! నాకు అన్నిటికన్నా ఇదే నచ్చింది. మా ఇంట్లో కోయ మాట. ఒకటో తరగతిలో నాకు తెలుగు రాక పుస్తకంలో బొమ్మలే చూసేదాన్ని. తర్వాత లారెన్స్ గారు, లివింగ్‌స్టన్ అనే విద్యార్థి కలిసి 11 సెంటీమీటర్ల గుండ్రటి డబ్బా చేశారు. 1931లో అందులో 2,000 వోల్టుల లోపుతోనే కణాన్ని తిప్పి తిప్పి తోసి, 80,000 వోల్టులతో తోసినంత శక్తి తెచ్చారు.

మేము కూడా కొంచెం కొంచెంగా తోయాలనుకున్నాము. సారు బలమైన అయస్కాంతం బిళ్ళలు మూడు తెచ్చిచ్చారు. సైకిలు షాపులో ఏడు ఉక్కు గోళీలు అడుక్కున్నాము. మా అయ్య వెదురు బొంగు నిలువునా చీల్చి, కణుపులు చెక్కి నున్నగా చేసిచ్చిండు. "దేనికి బిడ్డా?" అని అడిగితే నాకు చెప్పడం రాలేదు.

వెదురులో మూడు చోట్ల బిళ్ళలు కట్టి, ఒక్కోదాని వెనక రెండు గోళీలు పెట్టాము. ముందు నుండి ఒక గోళీ మెల్లగా దొర్లిస్తే టప్పున బిళ్ళకు అతుక్కుంటుంది. వెనక చివరి గోళీ ఎగిరిపోయి రెండో బిళ్ళకు కొడుతుంది. అక్కడి నుండి మూడోదానికి. ఒక్క బిళ్ళతో గోళీ బల్ల మీద నుండి 4 జానల దూరం పడింది. రెండు బిళ్ళలతో 8 పడాలి కదా? ఐదున్నరే! మూడింటితో 7 కూడా రాలేదు. వెదురు వంకరేమో అని అయ్యను తిట్టుకున్నాను, పాపం. సారు గతిజ శక్తి పాఠం తీశారు. ఒక్కో బిళ్ళ శక్తిని కలుపుతుంది, వేగాన్ని కాదు. వేగం రెట్టింపు కావాలంటే శక్తి నాలుగు రెట్లు కావాలి, అంటే నాలుగు బిళ్ళలు. మాకున్నవి మూడే.

ఫెయిరులో ఒక పెద్దాయన వచ్చి, "కరెంటు లేదు, బ్యాటరీ లేదు, శక్తి ఎక్కడిది?" అని అడిగారు. నాకు నోరు రాలేదు. "ఎవరో చేసిస్తే తెచ్చారు" అని ఆయన పక్క బల్లకు పోయారు. ఆ రాత్రి హాస్టల్లో గుడ్డు పెట్టారు, అయినా నేను తినలేదు.

మర్నాడు గోళీలు మళ్ళీ సర్దుతున్నాము. వచ్చి అతుక్కున్న గోళీ బిళ్ళను గట్టిగా పట్టుకుని ఉంది. లాగితే వేలి గోరు నొప్పి పుట్టింది. వెళ్ళిపోయిన గోళీ బిళ్ళకు దూరంగా ఉండేది, దాని పట్టు తక్కువ. దగ్గరికి వచ్చేదాన్ని బిళ్ళ గట్టిగా లాగుతుంది, దూరంగా ఉన్నదాన్ని సులువుగా వదిలేస్తుంది. ఆ తేడానే వేగం. మళ్ళీ ఆడాలంటే అతుక్కున్న మూడింటిని నేనే ఊడదియ్యాలి. శక్తి నా చేతిది! స్నేహితురాలికి కోయలో గబగబా చెప్పేశాను. తర్వాత తెలుగులో సారుకి చెప్పాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అయ్యకు కూడా చెప్తాను.

ఆదివారం మెస్సు వెనక మళ్ళీ చూపిస్తాము, రండి. ఏడు గోళీలలో ఒకటి అక్కడే గడ్డిలో పడిపోయింది. ఎవరికి దొరికినా 9వ తరగతిలో ఇవ్వండి.