కారే పంపు ఎవరి వీపు మీద?

పెట్రోలు లీకుని ముందు పట్టేది ముక్కు, తర్వాతే కన్ను. మన ఎండలకి బొట్టు నేల మీద పడీ పడకముందే ఆవిరైపోతుంది. షెడ్డు తలుపు తీయగానే గుప్పున వాసన కొడితే, పెట్రోలు మిషన్లున్న చోట పెట్రోలు వాసన రాక ఇంకేం వస్తుందని సర్దుకుపోతాం. అలా రాకూడదు. మూత సరిగ్గా బిగిసి, పైపులు బాగున్న మిషను రాత్రంతా గదిలో ఉన్నా అంత వాసన కొట్టదు. కొడుతోందంటే పెట్రోలుకి ఎక్కడో దారి దొరికిందన్నమాట.

ఒకప్పుడు పల్లెలో పెట్రోలు ఇంజను అంటే మోటారు సైకిలే. ఇప్పుడు మందు కొట్టే తైవాన్ పంపు, గట్ల మీద, తోటల్లో గడ్డి కోసే బ్రష్ కట్టరు, కొమ్మలు కోసే చైన్ రంపం దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. సొంతానికి లేకపోతే అద్దెకి దొరుకుతాయి. మోటారు సైకిలు మీద మనం కూర్చుంటాం. ఈ మిషన్లు మాత్రం మనిషి మీదే కూర్చుంటాయి. బ్రష్ కట్టరు భుజానికి వేలాడుతుంది, లేదా వీపుకెక్కుతుంది. తైవాన్ పంపైతే నడుముకి జానెడు దూరంలో ఇంజను, దాన్నానుకుని పెట్రోలు ట్యాంకు, ఆ పక్కనే కాలే సైలెన్సరు. అక్కడ లీకుంటే తడిసేది చొక్కా, పంచె, వాటి కింద ఒళ్ళు. పెట్రోలు తడి బట్ట ఒంటికి అంటుకుని గంటల తరబడి ఉంటే చర్మం ఎర్రబడి, బొబ్బలెక్కి కాలినట్టే అవుతుంది. పురుగుమందుల్లో డబ్బా మీద ఈసీ అని రాసి ఉండే రకాలకి ఎక్కువగా పెట్రోలియం ద్రావకాలే వాడతారు. ఆ ఘాటులో పంపు నుంచి వచ్చే వాసన కలిసిపోతుంది. మోసే మనిషికి రెండూ ఒకటిగానే అనిపిస్తాయి.

పెట్రోలుకి నిప్పంటుకోవడానికి అది వేడెక్కి ఉండాల్సిన పని లేదు. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా మండగలిగినంత ఆవిరి ఇస్తుంది. గాలిలో ఆ ఆవిరి 1.4 శాతం ఉంటే చాలు, ఒక్క రవ్వకి అంటుకుంటుంది. గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి పైకి పోకుండా నేలబారుగా పాకి పల్లంలో చేరుతుంది. గట్టు మీద పంపు దించి, పక్కనే కూర్చుని బీడీ వెలిగించడం మన పొలాల్లో రోజూ చూసేదే. మిషను బాగున్నా అది మంచిది కాదు. కారే మిషను పక్కనైతే ఆ బీడీ ప్రాణం మీదికి తెస్తుంది.

అసలు విషయమేమిటంటే, ఈ లీకుల్లో ఎక్కువ భాగం ఇంజను జోలికి పోకుండానే బాగవుతాయి. మా ఊరి సెంటర్లో పంపులు బాగుచేసే కుర్రాడొకడున్నాడు. కార్బొరేటర్ మార్చాలేమోనని ఎవరు భయపడుతూ వచ్చినా ముందు ఒకటే మాట: "కార్బొరేటర్ ఎక్కడికీ పోదు బాబాయ్, ముందు పైపులు చూద్దాం." మిషన్ని పొడి గుడ్డతో శుభ్రంగా తుడుస్తాడు. దుమ్ము తడిసి ముద్దగా అంటుకున్న చోటు ఎక్కడుందో తుడిచేటప్పుడే చూసుకుంటాడు. ట్యాంకు నింపి మూత బిగించి, నీడలో దినపత్రిక పరిచి దాని మీద పెడతాడు. కాసేపు నిలబెట్టి, కాసేపు ఒక పక్కకి, తర్వాత ఇంకో పక్కకి వాలుస్తాడు. ఇదంతా స్టార్టు చేయకుండానే. టూ స్ట్రోక్ ఇంజన్లలో పెట్రోలుకి నూనె కలుపుతాం గదా, మిషన్ని బట్టి లీటరుకి 20 మిల్లీలీటర్లో, 40 మిల్లీలీటర్లో. పెట్రోలు ఎగిరిపోయినా ఆ నూనె ఎగరదు. కాగితం మీద మరకై నిలిచి, లీకు ఎటువైపుందో చెబుతుంది.

మరక ఎక్కువసార్లు చూపించేది ట్యాంకులోకి పైపు దిగే చోటునే. అక్కడ క్లిప్పులూ నట్లూ ఏమీ ఉండవు. చాలా మిషన్లలో చిల్లు పైపు కంటే పిసరు చిన్నదిగా ఉంటుంది, పైపు అందులో ఇరుక్కుని తానే బిగుతుగా నిలబడుతుంది. కొన్నింట్లో మధ్యలో రబ్బరు బుష్షు ఉంటుంది. ఇంజను అదురుడికీ, ఎండకీ, లోపలి పెట్రోలుకీ రబ్బరు గట్టిపడి, సరిగ్గా ఆ మెడ దగ్గర సన్నటి పగులు ఇస్తుంది. పైకి చూస్తే కనపడదు. వేళ్ళతో వంచితే నోరు తెరుస్తుంది. పాత పైపు లాగేసి, కొత్త పైపు కొసని కలం పాళీలా ఏటవాలుగా కోసి, ఆ మొనని చిల్లులోకి దూర్చి, ట్యాంకు నోట్లోంచి నోస్ ప్లయరుతో అందుకుని లాగాలి. తగినంత వచ్చాక ఏటవాలు ముక్క కోసేసి ఫిల్టరు తగిలించాలి. మిషన్ని ఎటు వంచినా ఫిల్టరు పెట్రోలు ఉన్న వైపుకి జారి అడుగున పడేంత పొడుగు ఉంచాలి. స్టార్టు చేసే ముందు నొక్కే రబ్బరు బల్బు ఉన్న మిషనుకి రెండు పైపులుంటాయి, ఒకటి పెట్రోలు తెచ్చేది, ఇంకొకటి బల్బు నొక్కినప్పుడు మిగిలింది తిరిగి ట్యాంకులో పోసేది. ఒకటి పోయిందంటే రెండోదాని వయసూ అంతే. రెండూ మార్చాలి.

పైపు విషయంలో పొదుపు పనికిరాదు. చేతికి దొరికింది గదా అని సెలైన్ పైపు ముక్క తగిలించేవాళ్ళున్నారు. ఆ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే పదార్థాన్ని పెట్రోలు లాగేసుకుంటుంది. కొద్ది రోజుల్లో అది పుల్లలా బిగుసుకుని, పని మధ్యలో పుటుక్కుమంటుంది. పెట్రోలుకని అమ్మే పైపే అడిగి కొనాలి. పాత పైపు ముక్క చేత్తో పట్టుకెళితే లోపలి సైజు, బయటి సైజు రెండూ సరిపోయేది ఇస్తారు.

ట్యాంకు మూత గురించి ఎవరూ పట్టించుకోరు. నూనె డబ్బాకి ఒకే చిల్లు పెడితే నూనె గుటకలు గుటకలుగా పడుతుంది, అందుకే గాలికని రెండో చిల్లు పెడతాం. మిషను ట్యాంకుకీ అలాంటి రెండో దారి కావాలి. అది కొన్నింట్లో మూతలో, కొన్నింట్లో ట్యాంకు పక్కన చిన్న కవాటంగా ఉంటుంది. గాలిని లోపలికి రానిచ్చి పెట్రోలుని బయటికి పోనివ్వకపోవడం దాని పని. మట్టి పట్టి మూసుకుపోతే కాసేపు తిరిగిన ఇంజను ఆగిపోతుంది, మూత వదులు చేస్తే మళ్ళీ తిరుగుతుంది. అప్పుడు చాలామంది మూత వదులుగానే ఉంచి పని కానిచ్చేస్తారు. వంగినప్పుడల్లా పెట్రోలు వీపు మీదికి రావడానికి ఇదొక కారణం. మూత లోపలి రబ్బరు రింగు ఉబ్బినా, చీలినా అదే జరుగుతుంది. కవాటం శుభ్రం చేసో మార్చో, కొత్త రింగు వేసో మూత పూర్తిగా బిగించాలి.

బల్బు ఎండకి పగిలితే పైన రెండు స్క్రూలు విప్పి మార్చడమే.

ఇక కార్బొరేటరు. ఇంజను ఆపాక గాలి ఫిల్టరు డబ్బాలోంచి పెట్రోలు కారుతోందంటే, అప్పుడు దాన్ని అనుమానించాలి. లోపల పెట్రోలుని ఆపే సూది కింద నలుసు పడి ఉంటుంది, లేదా సూదిని నడిపే పల్చటి డయాఫ్రమ్ బిగుసుకుని ఉంటుంది. డయాఫ్రమూ ప్యాకింగులూ కలిపి కిట్టుగా దొరుకుతాయి. విప్పేటప్పుడు ఏ పొర తర్వాత ఏ పొర ఉందో ఫోనులో ఫోటో తీసుకుంటే చాలు, వరస తప్పదు.

ఈ రబ్బరు పైపులూ డయాఫ్రమ్‌లూ ఈ మధ్య ఇంకా తొందరగా పోతున్నాయని మెకానిక్కులు అంటుంటే తేలిగ్గా తీసుకోలేం. 2022 జూన్ నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోలు మొదలై, 2025కల్లా దేశమంతా అదే అయింది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, దాన్ని తట్టుకునేలా తయారు కాని పాత రబ్బరుని ఉబ్బిస్తుంది, చెడగొడుతుంది. బండ్ల కంపెనీలు కొత్త మోడళ్ళని అందుకు తగ్గట్టు మార్చాయి. షెడ్డులో ఉన్న పాత పంపుని ఎవరూ మార్చలేదు. చెరకు రైతుకీ మొక్కజొన్న రైతుకీ ఇథనాల్ వల్ల గిరాకీ వచ్చిందంటే సంతోషమే. ఆ రైతు మిషనుకి సరిపడే పైపులు మండల కేంద్రంలోని కొట్లో దొరికేలా చూడటం కూడా మిషన్ల కంపెనీల బాధ్యతే. మన వంతుగా, సీజను అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా ఇంజను తిప్పి ఆపాలి. నెలల తరబడి పెట్రోలు లోపలే నిలవుంచడం రబ్బరుకి అన్నిటికంటే చెరుపు.

ట్యాంకే పగిలితే మాత్రం ఆశ వదులుకుని కొత్తది వేయించాలి. సబ్బు పెట్రోలులో కరగదు గనక, పగులు మీద రుద్దితే ఇల్లు చేరేదాకా ఆపుతుంది. అది దారి ఖర్చుకే. ఈ ట్యాంకుల ప్లాస్టిక్‌కి ఏ జిగురూ ఎక్కువ కాలం పట్టదు. వేడి పెట్టి అతికించబోవడం అన్నిటికన్నా ప్రమాదం. ఖాళీ ట్యాంకే గదా అనుకుంటాం, నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకుకే పేలే గుణం ఎక్కువ. పెట్రోలు తీయాలన్నప్పుడు నోటితో పీల్చడం కూడా మానుకోవాలి. గుటక తప్పి ఊపిరితిత్తుల్లోకి పోయిన కొద్ది చుక్కలు కూడా మనిషిని ఆసుపత్రి పాలు చేస్తాయి. అలా జరిగితే వాంతి చేయించకుండా తిన్నగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

రెండు పైపులు, ఫిల్టరు, బల్బు, మూత రింగు అన్నీ కొన్నా ఒక మనిషి ఒక రోజు కూలికి మించవు. అయినా ఈ పని వాయిదా పడుతూనే ఉంటుంది, ఎందుకంటే మిషను కొన్నవాడొకడు, మోసేవాడొకడు. మోసేవాడు "కొంచెం కారుతోందండీ" అంటాడు. కొన్నవాడు "ఈ మడి అయిపోనీరా, చూద్దాం" అంటాడు. రోజు కూలి పోతుందన్న భయంతో మోసేవాడు రెండోసారి అడగడు. అందుకే అడగాల్సింది మనం. రేపు పొద్దున్న పంపు చేతికిచ్చే ముందు ట్యాంకు నింపి, మూత బిగించి, ఒకసారి పక్కకి వాల్చి, పైపు మెడ దగ్గర వేలుతో తడిమి చూడండి. వేలు తడిసిందా, ఆ రోజుకి మందు కొట్టడం ఆపేసి పంపుని మెకానిక్కు దగ్గరికి పంపండి. ఆ రోజు కూలి మాత్రం ఆపకండి.