మట్టీ, మంటా, మాటా

తెలుగు చెప్పుకుని బతికే మా బోంట్లకు ఒక శాపం ఉన్నది. ఏటా కాలేజీ తెరిచిన రెండో వారమో, మూడో వారమో, లెక్కలూ ఫిజిక్సూ చదివే కుర్రవాడొకడు లేచి నిలబడి, "మేడమ్, ఈ పద్యాలు మాకు దేనికి పనికొస్తాయండీ?" అంటాడు. పెంకితనంగా అడిగితే కసిరి కూర్చోబెట్టవచ్చును. వినయంగా అడుగుతాడు, అదీ చిక్కు! ఇంట్లోనూ నాకిదే పోరు. మావారు సివిల్ ఇంజనీరు. "మేం కట్టినదాంట్లో జనం పడుకుంటారు. మీ కవులు కట్టినదాంట్లో ఎవడైనా పడుకోగలడా?" అని భోజనం దగ్గర చమత్కరిస్తూంటారు.

ఈ ఇద్దరికీ కలిపి నేను చెప్పే జవాబు ఒక మనిషి కథ. ఆయన తెలుగువాడు కాడు, పారశీకుడు. పేరు నాదర్ ఖలీలీ. పారశీకుల కవిత్వం మనకేమీ కొత్త కాదు లెండి. నాగలి పట్టిన మన దువ్వూరి రామిరెడ్డిగారు ఆ భాష నేర్చుకుని మరీ ఉమర్ ఖయ్యాముకు "పానశాల"లో తెలుగు గొంతు ఇచ్చారు.

ఖలీలీ 1936లో టెహ్రానులో పుట్టాడు. ఇరానులో ఫారసీ సాహిత్యం చదివాడు. అక్కడా, టర్కీలో, అమెరికాలో ఆర్కిటెక్చరు చదివాడు. 1970లో కాలిఫోర్నియాలో లైసెన్సు వచ్చింది. ఆకాశాన్నంటే భవనాలకు నమూనాలు గీశాడు, డబ్బూ పేరూ సంపాదించాడు. ఇంతవరకూ కథలో వింత లేదు. మన ఊళ్ళ నుంచి వెళ్ళిన పిల్లలు ఎందరో ఇంతపాటి చేస్తున్నారు.

1975లో, నలభయ్యో పడి గడప మీద, ఆఫీసు మూసేశాడు. మోటారు సైకిలెక్కి ఇరాను ఎడారులమీద పడ్డాడు. అయిదేళ్ళు ఆ పల్లెల్లోనే తిరిగాడు. ఎందుకు తిరిగాడో "రేసింగ్ ఎలోన్" అని 1983లో పుస్తకంగా రాసుకున్నాడు. ఒంటరిగా పరుగెత్తడమని ఆ పేరుకు అర్థం. పందెంలో పక్కవాణ్ణి చూసుకుంటూ పరుగెత్తడం మానేసిన మనిషి ఆయన.

అక్కడి పల్లెల్లో చెట్టు లేదు. చెట్టు లేదంటే దూలం లేదు, వాసం లేదు. అంచేత వేల ఏళ్ళుగా వాళ్ళు పచ్చి ఇటుకతోనే గోడ లేపి, ఆ ఇటుకతోనే గుమ్మటం తిప్పి కప్పు వేస్తారు. చల్లగా ఉంటుంది, అందంగా ఉంటుంది. వానా మంచూ పడితే కరుగుతుంది. భూమి కదిలితే ఇంటిల్లిపాదిమీదా కూలుతుంది. 2003 డిసెంబరు 26న బమ్ పట్నంలో భూకంపం వచ్చి పాతిక వేలమందికి పైగా పోయారు. పోయినవారిలో చాలామందిని చంపింది ఆ మట్టి కప్పులే. మట్టి ఇంటి గొప్ప గురించి వ్యాసాలు రాసేవారు ఈ సంగతి ఎగరగొట్టేస్తారు. ఖలీలీ ఎగరగొట్టలేదు.

ఆయన కళ్ళు ఊరి బయటి బట్టీలమీద పడ్డాయి. చుట్టూ పచ్చి మట్టి కట్టడాలు శిథిలమైపోతూంటే, నిప్పు తిని తిని రాయిలా గట్టిపడిన బట్టీ మాత్రం అలాగే నిలబడి ఉంది! అయితే ఇంటినే కుండలా కాల్చెయ్యరాదా? మట్టితో ఇల్లు కట్టి, కిటికీలూ ద్వారాలూ మెత్తేసి, లోపల కిరసనాయిలు మంట పెట్టి గంటల తరబడి కాల్చాడు. గోడా కప్పూ ఏకమై పెంకులా తేలింది. దానికి "గెల్‌తాఫ్తన్" అని పేరు పెట్టాడు. గెల్ అంటే మట్టి, తాఫ్తన్ అంటే కాల్చడం. పాఠం చెబుతూ ఇక్కడికి వచ్చేసరికి నాకు మొల్ల గుర్తుకొస్తుంది. ఆవం పక్కన కూర్చుని రామాయణం కట్టిన కుమ్మరి పిల్ల కదా మన లోకంలో! మట్టికీ మంటకీ మాటకీ చుట్టరికం మనవాళ్ళకు ఒకరు చెప్పాలా?

"కిరసనాయిలు ఖర్చు ఎవడిస్తాడు?" అన్నారు మావారు. న్యాయమే. చమురు చవకగా ఉన్న చోటనే ఆ పని సాగుతుంది. ఖలీలీకీ అది తెలిసినట్టే ఉంది, అక్కడితో ఆగలేదు. 1984లో చంద్రుడిమీద నివాసాలు ఎలా కట్టాలని అమెరికాలో నాసావారి సభ జరిగితే అక్కడ మాట్లాడాడు. చంద్రుడిమీదికి సిమెంటు మోసుకుపోలేము. కాలి కింద ఉన్నదానితోనే కట్టాలి. ఆ ఆలోచనే తిరిగి తిరిగి భూమికి దిగింది. పొడుగాటి గోతాంగొట్టంలో అక్కడి మట్టినే కూరి, పాము చుట్టలా వరసమీద వరస గుండ్రంగా తిప్పుతూ, వరసకూ వరసకూ నడుమ జారకుండా ముళ్ళతీగ పరిచి, పైకి పోయేకొద్దీ చుట్టు తగ్గిస్తే గుమ్మటం అయి కూర్చుంటుంది. దీన్ని "సూపర్ అడోబ్" అంటారు. ఇసుక బస్తా, ముళ్ళతీగ. రెండూ యుద్ధం సామాన్లే!

ఇరాకుకూ ఇరానుకూ 1980 నుంచి 1988 దాకా యుద్ధం జరిగింది. తరవాత గల్ఫ్ యుద్ధానికి చెదిరి ఇరాకు జనం ఇరాను సరిహద్దు దాటి వచ్చారు. 1995లో ఖుజిస్తాన్ శిబిరంలో ఆ నిన్నటి శత్రుదేశపు జనానికి ఈ సంచుల ఇళ్ళు లేచాయి. కాందిశీకులే మట్టి ఎత్తారు. 2004లో దీనికి ఆగాఖాన్ బహుమానం వచ్చింది.

మరి కవిత్వమేదీ అంటారా? కాలిఫోర్నియాలో హెస్పీరియా ఎడారిలో శిష్యులకు మట్టి తొక్కడం నేర్పుతూనే, ఖలీలీ జలాలుద్దీన్ రూమీ గజళ్ళను ఇంగ్లీషు చేశాడు. 1994లో ఒక సంపుటం, 2001లో ఇంకొకటి. రూమీ కూడా చిన్నతనంలోనే బల్ఖు సీమ విడిచి, ఊళ్ళు తిరిగి, పరాయిచోట కొన్యాలో స్థిరపడ్డవాడే.

నా మట్టుకు నాకు ఇంకొక సంగతి ముచ్చటగా తోస్తుంది. ఫారసీ కవితలో రెండు పంక్తుల పద్యాన్ని "బైత్" అంటారు. అది అరబ్బీ మాట, ఇల్లు అని అర్థం. ఒక్కొక్క పంక్తి "మిస్రా", అంటే తలుపు రెక్క. రెండు రెక్కలూ సరిగ్గా మూసుకుంటేనే అది ఇల్లు. మన పద్యానికి పాదాలుంటాయి, నడిచిపోతుంది. వాళ్ళ పద్యానికి తలుపులుంటాయి, లోపలికి రమ్మంటుంది. చిన్ననాటినుంచీ ఈ మాటలతో పెరిగినవాడికి ఇల్లూ పద్యమూ వేరు వేరు కొలువులుగా ఎందుకు కనిపిస్తాయి? మావారి చమత్కారానికి కూడా నా జవాబు ఇదే. అక్కడ జనం పద్యంలోనే పడుకుంటారు!

ఇదంతా నాకు ఊసుపోక కబురు కాదు. శ్రీకాకుళం తీరాన మా అత్తగారిది చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, నేలకు వంగిన తాటాకు చూరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఆకు లేచిపోయింది, గోడ నిలిచింది. దాన్ని పడగొట్టి స్లాబు వేద్దామని మావారు, వద్దని నేను. మధ్యన ఆవిడ ఏమన్నదో వినండి. "మట్టిల్లు సల్లగుంతాదని నువ్వంతావు, ఉంతాదమ్మా. అలికి అలికి నా సేతులు అరిగిపోనాయి. ఇక అలికీవోలు ఎవలు?"

నేను మాటాడలేకపోయాను. మట్టి అందాన్ని గురించి ఆవిడకు నేను పాఠం చెప్పడమేమిటి! స్లాబు గదులు రెండు పెరటివైపు లేచాయి. చుట్టిల్లు ఇంకా ఉంది.

మొన్న పండక్కి వెళ్ళినప్పుడు ఖలీలీ ఇళ్ళ బొమ్మలు చూపించాను. నేపాలులో ఇలాంటివే అనాథపిల్లలకు కట్టారనీ, 2015 భూకంపానికి నిలిచాయనీ చెప్పాను. ఖలీలీ 2008లోనే పోయాడనీ చెప్పాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"గుండ్రంగా బాగున్నాది గానీ, సూరేదమ్మా? వానొస్తే గోడ తడిసిపోదేటి?"

మావారు పకపకా నవ్వి, "ఎడారిలో పుట్టినవాడికి చూరెందుకు తోస్తుందే అమ్మా! మన వానకైతే మట్టిలో సున్నమో సిమెంటో కలపాలి, పైన పూత పుయ్యాలి. లేకపోతే ఎండకు సంచులు చివికిపోతాయి," అన్నారు. అని ఊరుకోలేదు. సాయంత్రం పెరట్లో పుల్లతో గుండ్రంగా గీత గీశారు. ముందు కోళ్ళగూడు పాటిది ఒకటి కట్టి, పైన తాటాకు చూరు దింపి, ఒక వానాకాలం చూద్దామన్నారు. సంచులకు ఎరువుల కొట్లో అడగమన్నారు. ముళ్ళతీగ చుట్ట పాకలో ఉందట.