బసవనగుడిలో కోసంబరి

బెంగళూరు అనగానే ఉద్యానవనాలు, కర్మాగారాలు, కంప్యూటర్లు స్ఫురించడం సహజం. అయితే ఆ నగరపు అతిథి మర్యాదను చవిచూడదలచినవారు శ్రీరామనవమి నాడు ఒక పూట బసవనగుడి వీధులలో నడవాలి.

1898లో ప్లేగు వ్యాధి నగరాన్ని పీడించిన అనంతరం రూపుదిద్దుకొన్న పేట ఇది. ఇక్కడి నంది ఆలయం వల్లనే దీనికి ఆ పేరు వచ్చింది. 2017 నుండి మెట్రో రైలులో నేషనల్ కాలేజ్ స్టేషనులో దిగి, పూలకూ కూరగాయలకూ పేరుపొందిన గాంధీ బజారు వరకు నడచి వెళ్లే సౌకర్యం కలిగింది. పొరుగున ఉన్న చామరాజపేటలో 1939లో ఆరంభమైన రామనవమి సంగీతోత్సవం దేశవ్యాప్తంగా ప్రసిద్ధం.

ఆనాడు వీధి మలుపులలో పందిళ్లు వెలుస్తాయి. వచ్చినవారు ఎవరని అడిగేవారుండరు. చేతికి ఒక దొన్నెలో కోసంబరి, ఒక గ్లాసులో పానకమో, అల్లం, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగో అందుతాయి. చైత్రమాసపు ఎండలో అంతకు మించిన స్వాగతం లేదు.

కోసంబరి మనకు పరాయిది కాదు. మన ఇళ్లలో శ్రీరామనవమి నాడు నివేదించే వడపప్పుకు కీరదోస, కొబ్బరి, నిమ్మరసం తోడైతే అదే కోసంబరి. మహారాష్ట్రులు కోషింబీర్ అని పిలిచే పచ్చి కూరల వంటకం కూడా ఈ కుటుంబంలోనిదే. కన్నడిగుల పెండ్లి విందులో అరటి ఆకుపై దీనికి తప్పనిసరిగా చోటుంటుంది.

తయారీ సులభం. అరకప్పు పెసరపప్పును మంచినీటిలో గంటసేపు నానబెట్టి, నీరు పూర్తిగా వడకట్టాలి. సన్నగా తరిగిన కీరదోస ఒక కప్పు, కొబ్బరి కోరు నాలుగు చెంచాలు, పచ్చిమిర్చి, కొత్తిమీర కలపాలి. మామిడికాయల కాలమైతే కొద్దిగా మామిడి కోరు వేస్తే రుచి ఇనుమడిస్తుంది. ఆవాలు, ఇంగువ, కరివేపాకులతో చెంచాడు నూనెలో పోపు పెట్టాలి. ఉప్పు, నిమ్మరసం మాత్రం వడ్డనకు ముందే చేర్చాలి. ఉప్పు కీరదోసలోని నీటిని వెలుపలికి లాగుతుంది. ముందుగా కలిపితే కోసంబరి నీరుకారి, కరకరలాడే గుణం కోల్పోతుంది.

ఒక హెచ్చరిక అవసరం. నిప్పు తగలని పదార్థానికి శుభ్రతే రక్ష. కూరగాయలను బాగా కడగాలి, త్రాగేందుకు యోగ్యమైన నీటినే వాడాలి, కలిపిన వెంటనే వడ్డించాలి.

మన క్వార్టర్లలో అతిథులు వస్తున్నారంటే ఉదయం నుండే నూనె మూకుడు పొయ్యి మీదకెక్కుతుంది. వేపుడు రకాలు ఎన్నైతే మర్యాద అంత అన్న భావన మనలో స్థిరపడిపోయింది. తీరా అతిథులు వచ్చేసరికి గృహిణి అలసిపోయి వంటగదిలోనే ఉండిపోతుంది. వచ్చినవారిలో మధుమేహమో, రక్తపోటో ఉన్నవారు మొగమాటానికి తిని, ఇంటికి వెళ్లి బాధపడతారు. ఆదరించినవారికి విశ్రాంతి లేదు, ఆరగించినవారికి సుఖం లేదు.

బసవనగుడి పందిళ్లు బోధించేది ఇదే. గుప్పెడు పప్పు, ఒక కీరదోస, ఒక నిమ్మకాయ చాలు, ఎదుటివారిని ఆప్యాయంగా ఆదరించడానికి. మిగిలిన సమయాన్ని వారితో కూర్చుని మాట్లాడడానికి వెచ్చించవచ్చు. అతిథి మన ఇంటికి వచ్చేది ముఖ్యంగా అందుకే కదా!