శాఖానగరములో ఒంటరి కాపురము

ప్రబంధములలోని పురవర్ణనములు మన సోదరీమణులు చదివియే యుందురు. కోట, అగడ్త, మేడలు, ఉద్యానములు, తామరకొలనులు, తుదకు వీధిలో పూలమ్ము పుష్పలావికల మాటకారితనము వఱకు కవి యేదియు విడిచిపెట్టడు. కాని ఆ పురములో ఒంటరిగా నుండు మనుష్యుడు సాయంకాలము పని ముగించుకొని యెవరితో నాలుగు మాటలాడుకొనునో యే కవియు చెప్పినట్లు నాకు జ్ఞప్తి లేదు. ఆ కాలమున ఒంటరివాడనగా సన్న్యాసి, కాకున్న బాటసారి. నేడట్లు గాదు. చదువుకొని, ఉద్యోగము చేసికొనుచు, పెండ్లి కుదురకయో, వలదనుకొనియో, ఒకప్పుడు దంపతులై తరువాత విడిపోయియో పట్టణములలో ఒక్కరే యుండు స్త్రీపురుషులు మన యిండ్లలోనే కలరు. మా యింటిలో మా ఆడపడుచు కలదు.

ఆమెకు ముప్పదియొకటవ యేడు. హైదరాబాదునకు పడమట రాయదుర్గములో ఒక కంపెనీలో లెక్కలు చూచు నుద్యోగము. ఆఫీసునకు దగ్గఱ యని కొండాపూరులో ఒక పెద్ద మేడ నాలవ అంతస్తున ఒంటిగది వాటా తీసికొని రెండేండ్లు గడపెను. మొన్న భాద్రపదములో జ్వరము తగిలి మూడు దినములు మంచము దిగలేదట. ఆ మూడు దినములలో తలుపు తట్టినవాడు నీళ్ళ డబ్బా తెచ్చు కుఱ్ఱవాడొక్కడే. నాలవనాడు ఫోనులో ఈ సంగతి చెప్పుచు నవ్వినది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

“సకాలములో పెండ్లి చేసియున్నచో ఈ బాధ యుండునా?” అని మా అత్తగారు కన్నీరు పెట్టుకొనిరి. నేను మాఱు పలుకలేదు. పెండ్లియైన వారికి జ్వరము వచ్చినప్పుడు నుదుట చేయిపెట్టి చూచువారెందఱో నేనును కొంత యెఱుగుదును. మా వారు మాత్రము, “దసరా సెలవులలో నీవు పోయి, దానికి నలుగురున్న చోట ఇల్లు చూచి పెట్టి రమ్ము. నాకు దిద్దవలసిన జవాబుపత్రములు కట్టలుగా నున్నవి” అనిరి. అట్లు నేను బయలుదేరితిని.

మూలనగరమునకు వెలుపల దాని నంటిపెట్టుకొని పెరుగు పురమునకు శాఖానగరమని అమరములో పేరు. చిన్ననాడు మా నాయనగారు వల్లె వేయించిన ఆ మాట లింగంపల్లి స్టేషనులో దిగినంతనే నోటికి వచ్చినది. 1998లో మాధాపూరున సైబర్ టవర్సు వెలసిన నాటినుండి హైదరాబాదు పడమటి దిక్కున కొమ్మకు కొమ్మ వేసికొనుచు పోయినది. ఆ కొమ్మలలో నొకటి మా ఆడపడుచుండిన కొండాపూరు.

అచ్చట వినోదమునకు కొదువ లేదు. చేతిపనుల యంగళ్ళతో శిల్పారామము కలదు. చెట్లు చేమలతో విశాలమైన బొటానికల్ తోట కలదు. దుర్గము చెఱువుపై 2020లో తెఱచిన తీగెల వంతెన రాత్రివేళ రంగురంగుల దీపములతో వెలుగును. భోజనశాలలకు లెక్క లేదు. నేను రెండు దినములు కన్నులార చూచితిని. కాని యివి తోడు తీసికొని పోవు స్థలములు. తోడు లేనివారికి తోడు నిచ్చు స్థలములు కావు. ఒక భోజనశాలలో నలుగురు కూర్చుండు బల్లయొద్ద మా ఆడపడుచు ఒక్కతె కూర్చుండినచో, వడ్డించువాడు “ఇంకెవరైన వత్తురా?” యని మూడుమార్లడుగునట. ఇక వీథిలో నడవబోయినచో నడకదారి పది యడుగులకొకమారు మాయమగును. దుకాణపు మెట్లును, నిలిపిన బండ్లును దాని నాక్రమించుకొనియున్నవి. నడువని వీథిలో మనుష్యులు ఒకరినొకరు ఎట్లెఱుగుదురు? ఆమె యుండిన మేడలో నలుబది వాటాలు. లిఫ్టులో అందఱును ఫోనువంకనే చూచుచుందురు. నేను పొరుగువారిని పలుకరించినప్పుడు వారు తప్పుచేసినట్లు ఉలికిపడిరి.

అయినను ఆఫీసు దగ్గఱ గదా యని మొదట ఆ ప్రాంతముననే ఇండ్లు చూచితిమి. ద్వారముల మీద “ఫ్యామిలీలకు మాత్రమే” అను పలకలు. ఒక గృహయజమాని నన్ను చూచి సంతోషించి, వంటయింటి గూళ్ళతో సహా అన్నియు తిప్పి చూపెను. ఉండబోవునది నేను గాక నా ఆడపడుచు అని తెలిసినంతనే ఆయన మొగము మాఱినది.

“ఒంటిగా నుండువారికి మేము ఇయ్యమమ్మా.”

“ఏలనండీ?”

“వచ్చిపోవువారుందురు.”

“అయ్యా, వచ్చిపోవువారు లేరనియే గదా మేము ఇల్లు మాఱుచున్నాము” అంటిని. ఆయనకు అర్థము కాలేదు. మా ఆడపడుచు మెట్లు దిగుచు పకపక నవ్వినది. ఆ నవ్వు మాత్రము నాకు నచ్చినది. పెండ్లికాని మగపిల్లలకు ఇంతకంటె కష్టమట. వారిని గుమ్మము నొద్దనుండియే పంపివేయుదురట.

మూడవనాటి సాయంకాలము ఆమె నన్ను బంజారాహిల్సులోని ‘లామకాన్’ అను చోటికి తీసికొనిపోయెను. ఉర్దూలో ఆ మాటకు ఇల్లు లేనిదని యర్థమట. ఇల్లు వెదకుకొనుచు తిరుగువారికి తగిన చోటే యని నవ్వుకొంటిని. ఒక పాత ఇంటిని, దాని ముంగిలిని 2010 నుండి అందఱికిని తెఱచియుంచిరి. నాటకములు, పాటలు, పుస్తక ప్రసంగములు జరుగుచుండును. పెద్ద ఖర్చు లేకుండ టీయు సమోసాలును దొరకును. మేము పోయిననాడు ఎవరో కథలు చదువుచుండిరి. రాతి మెట్లమీద ఒంటరిగా కూర్చున్న ఆడుపిల్లను ఎవరును వింతగా చూడలేదు. ఇదియే కావలసినదని నేను సంబరపడితిని. ఆమె మెల్లగా, “వదినా, ఇక్కడికి నేను మూడుమార్లు వచ్చితిని. మూడుమార్లును వేఱు వేఱు మొగములే. కథ బాగుండును. చప్పట్లు కొట్టి ఒంటరిగా ఇల్లు చేరుదును” అనెను.

ఆ మాట నాకు ఆ రాత్రి నిద్ర పట్టనీయలేదు. అంతవఱకు నేను వెదకుచుండినది ఎక్కువ మంది యున్న చోటు. ఆమెకు కావలసినది వారే మరల మరల కనబడు చోటు. మన యూళ్ళలో చెఱువుగట్టు, కోవెల, బావి మనకీ యుపకారమే చేసినవి. ఎవరును పిలువకయే పోవుదుము, ఒకనాడు పోకున్నచో మఱునాడు “నిన్న కనబడలేదేమి?” యని యడుగుదురు.

మఱునాడు సైనికపురి చూచితిమి. సైనికోద్యోగులకై యేర్పడిన కాలనీ. తోటలుగల యిండ్లు, చెట్లనీడ, ఘుమఘుమలాడు బేకరీలు. నాకు ఎంతో నచ్చినది. కాని అది నగరమునకు ఈశాన్యమూల, ఆఫీసు పడమట. మెట్రోరైలు అచ్చటికి లేదు. అచ్చట కాపురము పెట్టినచో ఆమె పరిచయములు దారిలోని ఎఱ్ఱదీపములతోనే.

అప్పుడు మాకు తోచినది: ఆఫీసునకు దగ్గఱ యుండనక్కఱ లేదు, ఆఫీసునకు పోవు రైలు దారిలో నున్న చాలును. నాగోలునుండి రాయదుర్గము వఱకు ఒకటే మెట్రో దారి. 2017లో నాగోలు, అమీర్‌పేటల నడుమ మొదలై, 2019లో రాయదుర్గము చేరినది. ఆడువారికి వేఱుగా చోటు కలదు. రాత్రి పది దాటిన పిదపను బండ్లు నడచును. ఆ దారి వెంబడి తూర్పునకు పోయి తార్నాకలో దిగితిమి.

తార్ అనగా తీగె, నాకా అనగా కాపలాచోటు. ఒకప్పుడచ్చట తీగెల కంచె యుండినందున ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. నేడు కంచె లేదు గాని, చుట్టును చదువుల కోటలే. ప్రక్కనే 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము, ఇంగ్లీషు మఱియు విదేశీభాషల విశ్వవిద్యాలయము. ఉప్పలు పోవు దారిలో భూభౌతిక, రసాయన, జీవకణ శాస్త్రముల పరిశోధనాలయములు. పరిశోధనకై వచ్చినవారు ఏండ్ల తరబడి ఒక్కరే యుండుట అచ్చటి వారికి అలవాటు. కావున ఇల్లడుగ పోయినచో “మీ ఆయన యేమి చేయును?” అను ప్రశ్న తక్కువగా వినబడినది.

తెల్లవాఱకమునుపే లేచి విశ్వవిద్యాలయపు తోవలలో నడచితిమి. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కాలేజీ కట్టడము ఉదయపుటెండలో ఎఱ్ఱబాఱి యుండగా చూచుటయే ఒక భాగ్యము. దాని ముందర ముసలివారు, పడుచువారు, ఆడువారు, మగవారు గుంపులు గుంపులుగా నడచుచుండిరి. ఒక చెట్టుక్రింద పదిమంది చేరి, కారణము లేకుండ బిగ్గఱగా నవ్వుచుండిరి, అది వ్యాయామమట! మా అత్తగారు చూచినచో పిచ్చియాసుపత్రి యనుకొందురు.

ఆ సాయంకాలమే మాకు మఱియొక యదృష్టము. బతుకమ్మ దినములు. మేము చూచిన ఇంటి వీథిలో తంగేడు, గునుగు, బంతిపూలు పేర్చిన బతుకమ్మలను నడుమ నుంచి ఆడువారు చుట్టును తిరుగుచు పాడుచుండిరి. మాది కోస్తా ప్రాంతము. నాకు ఆ యడుగు రాదు, చప్పట్లు కొట్టు లెక్కయు రాదు. ఒక పెద్దమ్మ నా చేయి పట్టి లాగి, “ఎవరింటికొచ్చిన్రమ్మా? నిలవడుడెందుకు, రాండ్రి!” అనెను. రెండు చుట్లు తప్పు, మూడవ చుట్టు ఒప్పు. వెనుకకు తిరిగి చూచునప్పటికి మా ఆడపడుచు ఎవరో పిల్లను చంకనెత్తుకొని నా కెదురుగా తిరుగుచున్నది.

ఇంటి యజమానురాలు భర్తృహీన. క్రింద ఆమె, పై వాటా అద్దెకు. ఆమె చెప్పిన నియమములలో ఒకటి, రాత్రి ఆలస్యమగునప్పుడు ముందుగా చెప్పవలెనని. మా ఆడపడుచు మొగము ముడుచుకొని, “వదినా, ఇది కావలి కాదా? ఇందుకేనా నేను ఊరు విడిచి వచ్చినది?” యని నా చెవిలో ననెను. నిజమే. మన యూళ్ళలో “నిన్న కనబడలేదేమి” అను నోటితోనే “నిన్న నీ వెంట వచ్చినదెవరు” అనియు నడుగుదురు. ఆ రెండవ ప్రశ్నకు వెఱచియే పిల్లలు మొదటి ప్రశ్న కూడ లేని మేడలకు పాఱిపోవుచున్నారు. ఏమి చెప్పుటకును నాకు తోచలేదు. కొంతసేపటికి ఆమెయే ధైర్యము చేసి, “అమ్మా, నేను ఇల్లు చేరకున్నచో అడుగుడు. నా యింటికి ఎవరు వచ్చిరని మాత్రము అడుగవద్దు” అనెను. ఆ పెద్దావిడ కొంచెమాలోచించి, “నాకును నా కొడుకులు అట్లే చేసిన బాగుండును” అని నవ్వి, తాళముచెవి యిచ్చెను.

లోపములు లేకపోలేదు. పెద్దవీథి చప్పుడు రాత్రి చాలసేపటివఱకు వినబడును. పోను రాను చాల ప్రొద్దు రైలులోనే గడచిపోవును. ఉదయము నిలువబడియే పోవలెను. పడమటి యాఫీసువారు రాత్రి విందులకు పిలిచినచో దూరము. ఇవన్నియు లెక్కించియే ఆమె ఒప్పుకొనెను.

తిరుగు ప్రయాణమునకు ముందు రెండు దినములు బస్సులలో ఆ చుట్టుపట్ల తిరిగితిమి. విద్యానగరులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి ఆంధ్ర మహిళాసభ, బాగులింగంపల్లిలో సుందరయ్య విజ్ఞానకేంద్రము, చిక్కడపల్లిలో గ్రంథాలయమును త్యాగరాయ గానసభయు దూరము కావు. 2023 డిసెంబరు నుండి తెలంగాణములో ఆడువారికి ఆర్టీసీ సాధారణపు బస్సులలో ఛార్జీ లేదు. నా ఆధారుకార్డు ఆంధ్రప్రదేశమునది గావున నేను సొమ్మిచ్చితిని, ఆమె రాజసముగా ఊరక కూర్చుండెను.

“అక్కడ వరుడు దొరకునా?” యని మా అత్తగారు నేను కాళ్ళు కడుగుకొనకమునుపే యడిగిరి. దమయంతికి హంస దొరకినది. నేటి హంసలు ఫోనులలో నున్నవి, వాని మాట నమ్మవచ్చునో లేదో నాకు తెలియదు. ఆ పేట స్వయంవరమండపము కాదనియు, అచ్చట ఎవరైన మంచివాడు కనబడినచో మొదట మనకంటె ఆ క్రిందియింటి యావిడకే తెలియుననియు చెప్పితిని. అత్తగారు ఏమియు ననలేదు. కార్తికములో ఆమెకు జలుబు చేసి రెండుదినములు ఉదయపు నడకకు పోలేదట. మూడవనాడు నడకలో తోడివారు ఇద్దఱు మిరియాల కషాయము తీసికొని మేడ యెక్కి వచ్చిరట. ఫోనులో ఆ మాట అత్తగారికే చెప్పినది.

సంక్రాంతికి పంపుటకై నిన్న అత్తగారు ఆవకాయ తీసిరి. జాడీలు రెండు కట్టిరి. రెండవది యెవరికని నేనడుగలేదు.